చాంద్ పాషా ముడి

పెట్టె అడుగున ఆకుపచ్చ ఆకు బొమ్మ అచ్చేస్తే ఆ పెట్టె ఆకైపోతుందా? కిందటి ఎండాకాలం ఈ ఒక్క ప్రశ్న ఎంతమందిని అడిగానో నాకే తెలియదు. హోటలు వాళ్ళను అడిగాను, బడి పంతులును అడిగాను, నా కన్న కొడుకునూ అడిగాను. ప్రతివాళ్ళూ నన్ను జాలిగా చూసి, పెట్టె తిరగేసి, అడుగున రాసి ఉన్నది నాకు చదివి వినిపించినవాళ్ళే. చదవడం నాకూ వచ్చు. ఏడో తరగతి దాకా బోనకల్ బళ్ళో చదివాను. నేను అడిగింది అక్కడ ఏం రాసుందని కాదు.

మాది పాత సామాన్ల కొట్టు. పాల్వంచ నుంచి ములకలపల్లి వైపు తిరిగే రోడ్డు మీద రేకుల షెడ్డు, దాని వెనక కాస్త ఖాళీ జాగా. ఇనుము, సీసాలు కూడా కొంటాం గానీ మా ఆయన చాంద్ పాషాకు పేరు తెచ్చింది అట్టలూ కాగితమూ. ఇరవై రెండేళ్ళుగా ఆ సరుకు గోదావరి అవతల ఒక అట్టల మిల్లుకు పోతోంది. ఆ మిల్లు గేటు దగ్గర రాందాస్ అని ఒకాయన ఉంటాడు. వచ్చిన ప్రతి బండిలోంచీ మూడు కట్టలు దింపించి, కత్తితో కోసి, లోపల ఏముందో చూడటం ఆయన పని. బరువు కోసం తడి అట్టలూ రాళ్ళూ పెట్టేవాళ్ళు ఉంటారు మరి.

మా కట్టలు మాత్రం కోసేవాడు కాదు. మా మామగారు నేర్పిన ముడి ఒకటుంది. సుతిలి తాడు కొస బయట ఎక్కడా కనపడకుండా కట్ట మడతలోకి పోతుంది. మిల్లులో దాన్ని చాంద్ ముడి అంటారు. అది కనపడితే రాందాస్ కట్ట మీద చెయ్యేసి, "పోనియ్" అనేవాడు. మా ఆయన జీవితంలో ఏం సంపాదించాడని ఎవరైనా అడిగితే నేను ఆ ఒక్క మాటే చెప్పేదాన్ని.

మా లైనులో ఇంకో మర్యాద ఉంది. ఒకరు కట్టిన కట్టను ఇంకొకరు విప్పి చూడరు. అనుమానముంటే తీసుకోవడం మానేస్తారు, అంతే. విప్పి చూశావంటే మొహం మీద దొంగా అన్నట్టే. మా కొంప ముంచింది ఈ మర్యాదే.

రంజాన్ వెళ్ళిన నాలుగో రోజు, శ్రీరామనవమి ఇంకా రెండు రోజులుందనగా, మా సాకిబ్ ఒక అమ్మాయిని కొట్టుకు వెంటబెట్టుకొచ్చాడు. సాకిబ్‌కు ఇరవై మూడేళ్ళు. కొత్తగూడెంలో బీకాం చేశాడు. పాత సామాన్లోళ్ళ పిల్లగాడు అంటే వాడికి ఒళ్ళంతా కారం రాసినట్టుంటుంది. ఆ వచ్చిన అమ్మాయి పేరు శ్రావణి, హరితపత్ర అనే కంపెనీలో పని. భద్రాచలం రోడ్డు మీద హోటళ్ళకు బిర్యానీ పెట్టెలు, చాయ్ కప్పులు అమ్మేది ఆ కంపెనీయే. ప్లాస్టిక్ వద్దనుకున్న హోటళ్ళన్నీ అప్పటికే అవి దింపుకున్నాయి. చూడటానికి బాగానే ఉన్నాయి, మట్టి రంగులో, అడుగున ఆకు బొమ్మతో.

"మేడం, వాడేసిన పెట్టెలన్నీ మీ కొట్టుకే వస్తాయి. మీరు మిల్లుకు పంపిస్తే చాలు, మళ్ళీ కాగితం అయిపోతాయి," అంది శ్రావణి. మంచి పిల్లే. నేను ఇచ్చిన చాయ్ పూర్తిగా తాగింది.

నేను బొటనవేలు నాలుకకు తాకించి, పెట్టె అంచు తడిచేసి, మెల్లగా చింపాను. మా పనిలో మొదట నేర్చుకునేది ఇదే. కాగితం చిరిగింది. దాని లోపలివైపు నుంచి పల్చటి పొర సాగి, చిరగకుండా నా వేళ్ళ మధ్య మిగిలింది.

"గిదేంది మరి?" అన్నాను.

"అది ప్లాస్టిక్ కాదు మేడం. మొక్కజొన్న నుంచి చేసిన పొర. నూనె కారకుండా."

"మిల్లు తొట్ల కరుగుతదా?"

"రీసైక్లబులే మేడం. సౌకర్యం ఉన్నచోట..."

"గా సౌకర్యం యాడుంది?"

శ్రావణి సాకిబ్ వైపు చూసింది. "పూనా దగ్గర ఒకటుంది," అంది.

పూనా. ఇక్కడి నుంచి పూనాకు బిర్యానీ ఎంగిలి పెట్టెలు మోసుకుపోయే బండి ఏదో నేను అడగబోయాను. సాకిబ్ నాకు కళ్ళతో సైగ చేశాడు, నన్ను ఇజ్జత్ తియ్యకు అన్నట్టు. వాడి చేతిలో అప్పటికే ఒక కార్డు ఉంది. దాని మీద వాడి పేరు, దాని కింద జిల్లా కలెక్షన్ పార్ట్‌నర్ అని. ఆ కార్డును వాడు అట్ట ముక్క మధ్య పెట్టి దాచుకున్నాడు, మడత పడకుండా.

మా ఆయన అంతసేపూ తక్కెడ దగ్గర కూర్చుని వింటున్నాడు. మాటలు తక్కువ మనిషి. చివరికి అడిగాడు, "మేం ఏం రాసియ్యాల్నమ్మా?"

"రెండు నెలలకోసారి ఒక కాగితం అంకుల్. తీసుకున్న పెట్టెలన్నీ తిరిగి కాగితమయ్యాయని మీ కొట్టు ముద్ర, సంతకం. అది ఉంటేనే మేం పెట్టె మీద ఈ ఆకు బొమ్మ వేసుకోగలం."

"మన సరుకుల కలపకుండ ఇడిగ పెట్టు. మిల్లోళ్ళను అడిగినంకనే పంపుదం," అన్నాడు మా ఆయన కొడుకుతో. సాకిబ్ సరే అన్నాడు. నా మాట ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను, ఇది కాగితం కాదని. గాలికి చెప్పినట్టే అయింది.

నవమి అయింది. ఇక చూసుకోండి. కల్యాణానికి వచ్చి వెళ్ళిన జనం తిన్న పెట్టెలన్నీ గోనెబస్తాల్లో మా కొట్టు ముందు దిగాయి. అందులో బిర్యానీ మెతుకులు, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్కలు, ఎముకలు. ఈగలు కొట్టును పట్టుకుని వదల్లేదు. మా దగ్గర సరుకు ఏరే ఆడవాళ్ళు ఇద్దరు, పుల్లమ్మ, భీమక్క. పుల్లమ్మ మూడో రోజుకే కొంగు ముక్కుకు కట్టుకుని, "ఇస్మత్ బీ, నేను కాయితం ఏరనీకి వచ్చిన, ఎంగిలెత్తనీకి రాలే," అని ఇంటికెళ్ళి కూర్చుంది. వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాను. ఆమె అన్నదాంట్లో తప్పు ఏముంది?

జనం సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ తల నొస్తుంది. అంతకుముందు ఎవరి చెత్త వాళ్ళు ఏదో ఒకటి చేసుకునేవాళ్ళు. ఇప్పుడు బండ్లు ఆపి మరీ ఇచ్చిపోతున్నారు, పుణ్యం చేసుకున్నట్టు. ఒక బడి పంతులుగారు స్కూటర్ ఆపి సంచీడు కప్పులు దింపారు. ఇవి మేం తీసుకోలేం సార్, మిల్లులో పనికిరావు అన్నాను.

"పర్యావరణానికి మంచివమ్మా ఇవి. కింద రాసుంది చూడు," అని కప్పు తిరగేశారు.

"రాసింది జూసిన సార్. రాసినోడు మిల్లుల పని జేస్తలేడు."

"నీకు తెలియకపోతే తెలుసుకోవాలి," అన్నారు ఆయన. సంచీ అక్కడే వదిలి స్కూటర్ ఎక్కారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. కప్పులన్నీ మళ్ళీ ఆయన స్కూటర్ మీద కుమ్మరిద్దామనిపించింది. బండి అప్పటికే మలుపు తిరిగింది.

భీమక్కది ములకలపల్లి అవతల అడవి అంచు ఊరు. ఇంటిల్లిపాదీ అడ్డాకు విస్తర్లు కుడతారు. నవమి సీజన్‌లో వాళ్ళ విస్తర్లు కట్టలు కట్టలుగా భద్రాచలం పోయేవి. ఈసారి హోటళ్ళ వాళ్ళు వద్దన్నారట, ఆకు పెట్టెలు వచ్చాయి కదా అని. ఆ పెట్టెలే ఆమె మా కొట్లో కూర్చుని ఏరుతోంది. ఒకనాడు నాలుగు పెట్టెలు ఇంటికి పట్టుకెళ్ళింది, ఎందుకో చెప్పలేదు. ఇరవై రోజుల తర్వాత అందులో ఒకటి కడిగి తెచ్చి నా ముందు పెట్టింది.

"పెంటకుప్పల పాతిపెట్టిన బీబీ. మా ఇస్తరాకు పదొద్దులల్ల మన్నయితది. మన్ను గాకముందే మ్యాక తింటది. దీన్ని మ్యాక వాసన జూసి ఇడిసిపెట్టింది. సూడు, పైన అట్ట నానింది గని లోపట పొర ఎట్లుంది."

లోపలి పొర పెట్టె ఆకారంలోనే ఉంది, మూలలతో సహా.

నేను వెంటనే శ్రావణికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను, సాకిబ్ వినాలని. కుప్పలో కుళ్ళుతుంది గానీ దానికి ప్రత్యేకమైన ప్లాంటు కావాలి మేడం అంది ఆ పిల్ల. అందులో అరవై డిగ్రీల వేడి, మూడు నెలలు.

"మా రేకుల షెడ్డు కింద ఒక్క గంట కూసుందువు రా బిడ్డా. మే నెలల పాల్వంచ సంగతి నీకు తెల్వదు," అన్నాను.

శ్రావణి నవ్వింది. నేను నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక సాకిబ్ వైపు చూశాను. "అమ్మీ, పెంటకుప్పకూ మిల్లుకూ సంబంధం ఏంది? రీసైక్లింగ్ వేరు, కుళ్ళుడు వేరు," అన్నాడు. సరే, రీసైక్లింగే చూద్దామని మర్నాడు పొద్దున బకెట్ నీళ్ళలో రెండు పెట్టెలు నానేశాను. మధ్యాహ్నానికి చేత్తో నలిపాను. కాగితం గుజ్జయింది నిజమే. పొరలు మాత్రం ముక్కలు ముక్కలై గుజ్జులో కలిసిపోయాయి. ఏరుదామంటే చేతికి రావు. ఆ బకెట్ వాడి ముందుకు తోశాను.

"మిల్లుల మిషన్లుంటయ్ అమ్మీ. నీ బకెట్ గాదు. కంపెనీ వాళ్ళు వీడియో పంపిండ్రు, చూడు, ఇటు పెట్టెలేస్తే అటు తెల్లకాయితం వస్తది."

"గా మిల్లు యాడిది?"

"యాడిదైతే ఏంది?"

"పూనాదేనా?"

వాడు విసురుగా లేచిపోయాడు. మా ఆయన మిల్లుకు ఫోన్ చేసి అడుగుతాను అని రెండుసార్లు అన్నాడు, రెండుసార్లూ రాందాస్ లైన్ దొరకలేదు. వెనక జాగాలో బస్తాలు గోడ ఎత్తు లేచాయి. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. కొట్లో మాత్రం తెలుగే, పనివాళ్ళకు అర్థం కాని భాషలో మాట్లాడితే తమ గురించే అనుకుంటారని మా ఆయన పెట్టిన నియమం. ఆ నెలంతా నేను రెండు భాషల్లోనూ ఆ బస్తాలనే తిట్టాను. తీసి అవతల పారేయండి అనేదాన్ని. ఎక్కడ పారేస్తాం, అడవిలోనా? ఇటుక బట్టీ వాళ్ళు కాల్చుకోవడానికి అడిగారు, ఆ పొర కాలితే వచ్చే పొగ నాకు తెలుసు, ఇవ్వనన్నాను.

మే చివర బోనకల్‌లో మా చెల్లెలు తబస్సుం ఇంట్లో దావత్ అయితే రెండు రోజులు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వెనక జాగాలో సగానికి సగం బస్తాలు లేవు. కాళ్ళు పెట్టుకోవడానికి చోటు కనిపించింది.

"యాడికి పోయినయ్?" అన్నాను సాకిబ్‌తో.

"పోయినయ్ తీ," అన్నాడు వాడు, ఫోన్ చూసుకుంటూ.

ఇక్కడ నేను నా తప్పు కూడా చెప్పుకోవాలి. రెండు నెలలుగా ఈ పెట్టెల మీద నోరు పారేసుకున్న మనిషిని, ఆ రోజు ఇంకో మాట అడగలేదు. ఈగలు తగ్గాయి, అది చాలనిపించింది. జాగా ఊడ్చి నీళ్ళు చల్లాను. నిమ్మళంగా చాయ్ కూడా తాగాను.

అయిదో రోజున మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. రాందాస్. మా ఆయన తక్కెడ దగ్గర నిలబడి మాట్లాడాడు. అవతలి మాట నాకు వినపడలేదు, ఇవతలి మాట మాత్రం విన్నాను.

"అట్టలే రాందాస్. అట్టలే ఉన్నయ్."

 వింటూనే తిరిగి సాకిబ్ వైపు చూశాడు. వాడు సుతిలి చుడుతున్నాడు. చుట్టడం ఆపి తల వంచుకున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది.

వాడు చేసింది ఇది. నేను ఊళ్ళో లేని రెండు రోజుల్లో పెట్టెలన్నీ ఎండబెట్టి, తొక్కి అణిచి, నడిమధ్యలో పెట్టి, చుట్టూ మంచి అట్టలు పేర్చి పన్నెండు కట్టలు కట్టాడు. తండ్రి ముడితోనే కట్టాడు. ఆ ముడి వాడికి పదేళ్ళప్పుడు నేర్పింది మా ఆయనే. కంపెనీకి ముద్ర కాగితం ఇవ్వాల్సిన రోజు దగ్గరికొచ్చింది, మిల్లు మిషన్లు ఎలాగూ ఏరుకుంటాయనుకున్నాడు. మోసం చేద్దామని కాదు. వీడియోలో చూసింది నమ్మాడు, వాడి పాపం వాడిది. మా ఆయన ఆ కట్టలు చేత్తో ఎత్తి బండిలో వేశాడు. తేలిగ్గా తగిలాయట. అప్పుడే విప్పి చూడాల్సింది కదా అన్నాను ఆ సాయంత్రం.

"కొడుకు కట్టిన కట్ట ఇప్పి చూస్తనా?" అన్నాడు ఆయన.

మిల్లు దగ్గర రాందాస్ ఆ పన్నెండు కట్టల మీదా చెయ్యేసి పోనియ్ అన్నాడు. అలా అందరూ మర్యాదగా ఉన్నారు. ఆ మర్యాద మీదనే సరుకంతా తిన్నగా తొట్టిలో పడింది. పొర ముక్కలు జల్లెడలకు పట్టుకుని ఒక పగలంతా మిషన్ ఆగిపోయింది.

తర్వాతి లోడుకు నేనూ వస్తానన్నాను. ఆయన మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు, దారిలో ఏమన్నా అయితే అని నా భయం. సాకిబ్ బండి నడిపాడు. ముందు సీట్లో ముగ్గురం కూర్చున్నాం. పాల్వంచ నుంచి గోదావరి బ్రిడ్జి దాకా ఒక్క మాట లేదు. బ్రిడ్జి మీద మాత్రం మా ఆయన, "మెల్లగ పోనియ్యమను," అన్నాడు నాతో. నేను మధ్యలో కూర్చున్నాను. కొడుకు భుజం నా భుజానికి తగులుతోంది. "మెల్లగ పోనియ్," అన్నాను నేను కొడుకుతో. అప్పటి నుంచి ఇదే వరస. వానికి చెప్పు, వాన్ని అడుగు, వాన్ని రమ్మను. పది అడుగుల కొట్లో తండ్రీ కొడుకుల మధ్య టపా మోయడానికేనా నేను నిఖా చేసుకున్నది అని ఎన్నిసార్లు అరిచానో. 

మిల్లు గేటు దగ్గర రాందాస్ ఎదురొచ్చాడు. నాకు దండం పెట్టి, "భాభీ, బాగున్నవా?" అన్నాడు. చాయ్ తెప్పించాడు. నలుగురం నిలబడే తాగాం. ఆయన గ్లాసు కింద పెట్టి, షర్టు జేబులోంచి ఒక అట్ట ముక్క తీసి మా ఆయన చేతికిచ్చాడు. ఆ రోజు మా సరుకుతో తయారైన అట్ట. మచ్చలు మచ్చలుగా మెరుస్తోంది, గోరు పెడితే పెచ్చులు లేస్తోంది.

"నా మీద కాయితం ఇచ్చిండ్రు చాంద్ భాయ్. ఎందుకు కొయ్యలేదని అడిగిండ్రు. చాంద్ ముడి జూసి పోనిచ్చిన అంటే, గదెక్కడి రూలని నవ్విండ్రు," అన్నాడు రాందాస్. కోపంగా అనలేదు. అందుకే వినలేకపోయాను.

తర్వాత ఆయన నడుము నుంచి కత్తి తీశాడు. కట్ట దింపడానికి మిల్లు మనిషి వస్తుంటే మా ఆయన ఆపాడు. తనే కట్ట దింపి, సుతిలి పైకి వచ్చేట్టు తిప్పి, రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాడు. రాందాస్ ఒక్క క్షణం ఆగి, ముడి పక్కన కోశాడు. లోపల అన్నీ శుభ్రమైన అట్టలే. అలా ఒకటి తర్వాత ఒకటి, బండిలో ఉన్న కట్టలన్నీ కోశాడు. మూడు కాదు, అన్నీ. అన్నిటినీ మా ఆయనే పట్టుకున్నాడు. సాకిబ్ బండి తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"మంచి సరుకే," అన్నాడు రాందాస్ చివరికి.

"అవ్," అన్నాడు మా ఆయన.

ఇంటికొచ్చాక ఆయన నాతో అన్నాడు, "ఇంకమీద వాన్ని నా ముడి వెయ్యొద్దను. వాని కట్టలకు మామూలు ముడి వేసుకొమ్మను." సాకిబ్ అక్కడే ఉన్నాడు. నేను చెప్పక్కర్లేకపోయింది, అయినా చెప్పించాడు.

జూన్ రెండో వారంలో, మృగశిర వాన ఒకటి పడి వెలిసిన రోజున, శ్రావణి ముద్ర కాగితం పట్టుకుని వచ్చింది. అంతా అచ్చేసే ఉంది, సంతకం చేసి ముద్ర కొట్టడమే తరువాయి. మా ఆయన దాన్ని చూడను కూడా చూడలేదు. "గా పెట్టెలను తీస్కొచ్చింది వాడే గద. వాన్నే రాసియ్యమను," అన్నాడు నాతో.

సాకిబ్ కాగితం తీసుకుని చాలాసేపు చదివాడు. తర్వాత పెన్నుతో అచ్చు వాక్యాన్ని కొట్టేసి, దాని కింద తెలుగులో రాశాడు. రాసింది శ్రావణికి ఇవ్వకముందే నేను లాక్కుని చదివాను. "ఈ పెట్టెలు కాగితం కాలేదు. కొన్ని మిల్లుకు పంపినాము, మిల్లు మిషన్ ఆగిపోయినది. అది మా తప్పు. మిగిలినవి మా కొట్టు వెనుక ఉన్నవి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చును." దాని కింద ముద్ర కొట్టి, పేరు రాసి, దాచుకున్న ఆ పార్ట్‌నర్ కార్డు కూడా దాని మీద పెట్టి ఇచ్చాడు.

శ్రావణి మొహం మాడిపోయింది. "ఇది నేను ఆఫీసులో ఎట్లా ఇవ్వాలి సాకిబ్? నన్నడుగుతారు."

"నిన్నేమడుగుతరు? వచ్చి చూడమను," అన్నాడు వాడు.  "మేం మిల్లోళ్ళకు చెప్పుకోలే?"

ఆ పిల్ల కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. వెనక జాగాలోకి వెళ్ళి బస్తాలు చూసింది, ఫోటోలు తీసుకుంది. వెళ్ళేముందు నా దగ్గర ఆగి, "నాకూ వీడియోనే చూపించారు మేడం," అంది మెల్లగా.  చాయ్ తాగి పో అన్నాను. ఈసారి తాగలేదు. కంపెనీ నుంచి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. హోటళ్ళలో ఆ పెట్టెలు ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు. అడుగున ఆకు బొమ్మ అలాగే ఉంది.

బస్తాలు వానల్లో తడిశాయి. గోనె చివికి చిరిగిపోయింది, లోపల పెట్టెల పొరలు మాత్రం అలాగే ఉన్నాయి. భీమక్క ఒక్క మాటే అంది, మీ పెట్టెల కన్నా మీ సంచులే నయం బీబీ అని. ఆమె మళ్ళీ విస్తర్లు కుట్టుకోవడానికి పోతానంటోంది, కొనేవాళ్ళుంటే. మా ఇంట్లో ఏ దావత్ అయినా ఇక ఆమె విస్తర్లేనని మాటిచ్చాను. మా ఒక్కళ్ళ వల్ల ఆమెకు ఒరిగేదెంతో నాకు తెలుసు. ఇంకేం చేయాలో తెలియలేదు.

మిల్లుకు లోడు పోతూనే ఉంది. మా ఆయన వెళ్ళడం మానేశాడు, సాకిబ్ ఒక్కడే తీసుకెళ్ళేవాడు. ప్రతిసారీ రాందాస్ కట్టలన్నీ కోస్తున్నాడని వచ్చి చెప్పేవాడు. మా ఆయన మాత్రం తన కట్టలకు తన ముడే వేసేవాడు, ఎలాగూ కోసేస్తారని తెలిసి కూడా. సుతిలి కొస మడతలోకి పోనిచ్చేటప్పుడు కాసేపు ఆగేవాడు. పక్కనే కొడుకు మామూలు ముడితో కట్టేవాడు. మధ్యలో నేను, అట్టలు అందిస్తూ, ఇద్దరి మౌనం భరించలేక భీమక్కతో ఏదో ఒకటి వాగుతూ.

జూలై ఆఖర్న ఒకరోజు మధ్యాహ్నం, వాన జోరుగా పడుతుండగా, సాకిబ్ ఖాళీ బండితో వచ్చాడు. నిలువునా తడిసిపోయాడు. మా ఆయన తక్కెడ దగ్గర కూర్చున్నాడు. అన్నం వడ్డించాను గానీ ఆయన ఇంకా మొదలుపెట్టలేదు.

"ఎన్ని కోసిండో అడుగు," అన్నాడు నాతో.

నేను విసిగిపోయి ఉన్నాను. అడగలేదు. వాడికి ఎలాగూ వినపడింది.

"మూడు," అన్నాడు సాకిబ్.

మా ఆయన తల ఎత్తాడు. అందరి బండ్లలోనూ కోసేది మూడే. రెండు నెలల తర్వాత మమ్మల్ని కూడా అందరిలాగా చూశారు.

"ఏ మూడని అడుగు."

"నా చేతివి మూడు," అన్నాడు సాకిబ్, నేను నోరు తెరవకముందే. "నేనే దింపి చూపెట్టిన. మామూలు ముడి ఉన్నయన్ని నావి చాచా, వాట్ల యేవన్న కొయ్యి, అన్నీ కొయ్యి, గీ ముడి ఉన్నయి మా అబ్బా కట్టినయి, వాటికి గా పెట్టెలతోని సంబంధం లేకుండె, గా పెట్టెల కట్టలు నేను కట్టినవి అని చెప్పిన. అప్పుడున్నోళ్ళందరి ముందట చెప్పిన."

వాన చప్పుడు రేకుల మీద గట్టిగా ఉంది. 

"మిగిలినయి?" అన్నాడు మా ఆయన. ఎవరితో అన్నాడో తెలియలేదు.

"ముట్టుకోలే."

"పోనియ్ అన్నడా?"

"అనలే అబ్బా. ముట్టుకోలే, గంతే."

మా ఆయన తల ఊపాడు. ముందున్న కంచాన్ని పక్కకు జరిపి, చాప మీద ఇంకొకరు కూర్చునే చోటు చేశాడు.

"తల తుడుచుకో. అన్నం తిందాం రా," అన్నాడు. నాతో చెప్పించలేదు.